హాస్టల్లో కామెర్లు: అవగాహన సదస్సు సరే, ముందు ఆ అబ్బాయి సంగతి చూడండి

ప్రశ్న: నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. ఎన్ఎస్ఎస్ బాధ్యత కూడా నాదే. జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం కదా, విద్యార్థులకు ఒక గంట క్లాసు పెడుతున్నాం. ఏమేం చెబితే బాగుంటుంది? ఈ మధ్యే మా హాస్టల్లో ఇద్దరికి పచ్చకామెర్లు వచ్చాయి. ఒకరికి తగ్గింది. రెండో అబ్బాయి పది రోజులుగా ఊళ్లో పసరు మందు వాడుతున్నాడు. వాంతులు ఇంకా ఉన్నాయట, ఎప్పుడూ పడుకునే ఉంటున్నాడట.
- ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: క్లాసు గురించి తర్వాత. ముందు ఆ అబ్బాయి ఇంటికి ఈ రోజే ఫోన్ చేయండి. కామెర్లలో పచ్చటి కళ్ల కంటే నాకు భయం వేసేది మగతను చూస్తేనే. పగలంతా నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, చిగుళ్ల నుంచి రక్తం, ఆగని వాంతులు - వీటిలో ఏది కనిపించినా లివర్ దెబ్బతింటోందేమోనని అనుమానించాలి. మనిషిని చూడకుండా నేను అలా అని తేల్చలేను. తిండి లేక నీరసపడి కూడా పడుకొని ఉండొచ్చు. కానీ ఆ తేడా ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆస్పత్రిలో ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు పరీక్ష)తో పాటు రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పీటీ ఐఎన్ఆర్ కూడా చేయించాలి. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ ఒక్కటే చూసి ధైర్యపడొద్దు.

పది రోజులు ఎలా ఊరుకున్నారండీ? ఊళ్లో పెద్దలంటే అలవాటు కొద్దీ పసరు అంటారు, చదువు చెప్పే మీరు ఒక మాట అనాల్సింది. హెపటైటిస్ అంటే లివర్ వాపు. అందులో కలుషిత నీళ్లు, ఆహారంతో వచ్చే ఏ, ఈ వైరస్ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. తగ్గని ఆ కొద్దిమందే చివరి దశలో మా దగ్గరికి వస్తారు. పసరులో ఏ ఆకు కలిపారో చెప్పేవాళ్లు ఉండరు, కొన్ని ఆకులు లివర్‌నే పాడుచేస్తాయి. కంట్లో పసరు పోయించుకుని, చేతికి వాత పెట్టించుకుని, పైగా ఉప్పూ కారం మానేసి చప్పిడి మెతుకులతో చిక్కిపోయి వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలూ, మోతాదు మించిన పారాసిటమాల్ కూడా ఈ సమయంలో ప్రమాదమే.

ఒకే హాస్టల్లో ఇద్దరికి వచ్చిందంటే నీళ్లనే ముందు అనుమానించాలి. ఆర్వో పెట్టించాం అంటారేమో. ప్లేట్లు కడిగేది, చట్నీలో పోసేది ట్యాంకు నీళ్లే కదా? సంపు, పైపులైను చూపించండి, క్లోరిన్ వేయించండి, అప్పటిదాకా కాచిన నీళ్లే ఇవ్వండి. ఈ వైరస్‌లు ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి 2 నుంచి 8 వారాలు పట్టవచ్చు కాబట్టి ఇంకో కేసు వస్తే ఆశ్చర్యపోను. స్థానిక ఆరోగ్య సిబ్బందికి తెలియజేయండి. వంటమనుషుల్లో గర్భిణులు ఉంటే మరీ జాగ్రత్త. నెలలు నిండేకొద్దీ హెపటైటిస్ ఈ ప్రాణాంతకం కావచ్చు.

ఇక క్లాసు. కామెర్లు లేకుండానే ఏళ్ల తరబడి లివర్‌ను తినేసే బి, సి రకాల గురించే ఎక్కువ చెప్పండి. అవి రక్తం, రక్షణ లేని సెక్స్, వాడిన సూదులు, శుభ్రం లేని టాటూ సూదులు, ఇతరుల రేజర్ల ద్వారా వస్తాయి. తల్లి నుంచి బిడ్డకూ వస్తాయి. సెక్స్ అనే మాట దగ్గర మొహమాటపడకండి, వాళ్లు పిల్లలేం కాదు. బి టీకా దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో చేరింది 2011లో. కొన్ని రాష్ట్రాల్లో అంతకుముందే మొదలైనా, మీ విద్యార్థుల్లో చాలామందికి డోసులు పూర్తయి ఉండకపోవచ్చు. కార్డు లేకపోతే రక్తపరీక్ష చేయించి, డాక్టర్ చెబితే 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేయించవచ్చు. సి రకానికి టీకా లేదు కానీ సాధారణంగా 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.

పరీక్షలో ఎవరికైనా బి పాజిటివ్ వస్తే ఆ పేరు బయటకు రానివ్వకండి, హాస్టల్ నుంచి పంపించకండి. కలిసి తింటే, చేతులు కలిపితే అది రాదు.

ఆ అబ్బాయి ఐఎన్ఆర్ రిపోర్టు వచ్చాక కావాలంటే నాకు రాయండి. నా జవాబు కోసం మాత్రం ఆగకండి, అక్కడ చూస్తున్న డాక్టర్ అడ్మిట్ చేయమంటే వెంటనే చేయించండి.