రెజ్యూమే కంటే ముందు పైసల లెక్క రాయి తమ్ముడూ

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. జడ్చర్ల పక్క ఊరి నుంచి వచ్చి డల్లాస్‌లో మూడేళ్లు పని చేశావు, పోయిన వారం టీమ్ మొత్తాన్ని తీసేశారు, ఇప్పుడు రెజ్యూమే ఎట్లా రాయాలని అడుగుతున్నావు. చెప్తాను. కానీ ముందు ఒక కాగితం తీసుకుని ఖాతాలో ఎంతుంది, కిరాయి ఎంత, కారు కిస్తీ ఎంత, ఇంటికి పంపేది ఎంత, ఇండియాలో చదువు అప్పు కిస్తీ ఎంత, అన్నీ రాయి. ఈ లెక్క చూసుకోకుండా రెజ్యూమే రాస్తే ఏమవుతుందో నేను అనుభవించాను.

మాది దేవరకొండ వైపు. నన్ను ఇక్కడికి పంపడానికి నాయిన బత్తాయి తోట చూపించి నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాడు. తర్వాత బోర్లు ఎండిపోయాయి, చెట్లు కూడా పోయాయి, అప్పు మాత్రం మిగిలింది. 2009 ఫిబ్రవరిలో నా ఉద్యోగం తీసేస్తున్నామని చెప్పి మార్చి ఆఖరు దాకా జీతం ఇస్తామన్నారు. ఇంట్లో చెప్పలేదు. నెలనెలా పంపే పైసలు ఆగితే అనుమానం వస్తుందని క్రెడిట్ కార్డు మీద నగదు తీసి మరీ పంపాను. ఆ మిత్తి ఊళ్లో మిత్తి కంటే ఎక్కువని తెలిసి కూడా పంపాను. రాత్రిళ్లు నిద్ర లేదు, ఆ టెన్షన్‌లోనే రెజ్యూమే రాశాను.

ఆరు పేజీలు వచ్చింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన నమూనాలో నా పేరు పెట్టి, విన్న ప్రతి టెక్నాలజీ అందులో చేర్చాను. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అన్న ఆశ. ఒకచోట తగిలింది కూడా. ఇంటర్వ్యూ చేసినాయన నాలుగో పేజీలో ఒక టెక్నాలజీ పేరు చూపించి, దీంతో ఏం తయారు చేశావో చెప్పు అన్నాడు. నేను దాన్ని ముట్టుకోనే లేదు. ఆ తర్వాత నేను నిజంగా చేసిన పని గురించి ఎంత చెప్పినా ఆయన వినలేదు.

నన్ను ఒడ్డున పడేసింది పాత ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దావిడ. కాఫీ తాగుతూ ఒకటే అడిగింది, సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి ఏం చేసేవాడివి అని. రాత్రి కంప్యూటర్లో దానంతటదే నడిచే పని, బ్యాచ్ అంటారు, ఆరు గంటలు పట్టేది, దాన్ని రెండు గంటల లోపుకు తెచ్చాను అన్నాను. ఇది రెజ్యూమేలో ఎక్కడుంది అంది. ఎక్కడా లేదు! ఆరు పేజీల్లో నేను చేసిన పని ఒక్కటీ లేదు. ఆ రాత్రే కూర్చుని రెండు పేజీలకు తెచ్చాను. ఆఖరి జీతానికి మూడు రోజుల ముందు ఆఫర్ వచ్చింది.

నీ రెజ్యూమే కూడా చూశాను. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, ఆఖర్న ‘పైన రాసినవన్నీ నిజమే’ అని ప్రమాణం, ఇవన్నీ హైదరాబాద్‌లో క్యాంపస్ సెలక్షన్లకు రాసినట్టున్నాయి, ఇక్కడ ఎవరూ రాయరు, తీసెయ్యి. మీ వయసు పిల్లలు రంగుల నమూనాలంటే ముచ్చట పడతారు కానీ చాలా కంపెనీల్లో రెజ్యూమేను ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, టేబుళ్లు, పక్కపక్కన రెండు కాలమ్‌లు పెడితే అది తికమక పడొచ్చు. ఆఖరి ఉద్యోగం అన్నిటికంటే పైన ఉండాలి. ప్రతి లైనులో ఏం చేశావు, దాంతో ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అన్నది అంకెతో రాయి. అంకె లేకపోతే ఊహించి పెట్టకు. ఉద్యోగం పోయిన నెల ఉన్నదున్నట్టు రాయి, ఇంకా చేస్తున్నట్టు రాస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతావు. తీసేసిన కారణం రెజ్యూమేలో అక్కర్లేదు, అడిగితే టీమ్ మొత్తాన్ని తీసేశారని ఒక్క మాట చెప్పి నీ పని గురించి మాట్లాడు.

వీసా సంగతి లాయరును అడుగు, అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైటులో కూడా ఉంది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులు ఇక్కడ ఉండొచ్చు, ఐ-94, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చిన గడువు కాగితం, అంతకుముందే ముగిసిపోతే అప్పటిదాకానే. మా కాలంలో అదీ లేదు, 2017 జనవరి నుంచి వచ్చింది.

మళ్లీ పైసల దగ్గరికే వస్తాను. సెవరెన్స్, అంటే తీసేసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, చేతికి వచ్చాకే లెక్కలో వెయ్యి, ముందు కాదు. అందులో ఫెడరల్ పన్ను కిందనే మామూలుగా 22 శాతం పట్టుకుంటారు. కోబ్రా అనే చట్టం కింద పాత ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించాలంటే కంపెనీ కట్టే వాటా కూడా నువ్వే కట్టాలి, ఆ బిల్లు చూసి చాలామంది అదిరిపోతారు. ఇంటికి పంపేది రెండు నెలలు ఆపు. మీ పాలమూరులో కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోయినవాళ్ల కథలు నీకు నేను చెప్పాలా, అప్పు తీసుకున్నవాడు కూలి రేటు మాట్లాడలేడు. చేతిలో మూడు నెలల కిరాయి లేనివాడు కూడా అంతే, మొదటి ఫోన్‌కే ఎంతిస్తే అంతకు సరే అంటాడు. నేను అట్లాగే అన్నాను, ఆ తక్కువ జీతం నుంచి పైకి రావడానికి నాలుగేళ్లు పట్టింది. తర్వాత అప్పు తీర్చాను, ఇల్లు కొన్నాను, అది వేరే సంగతి.

నీకు రాత్రి ఎనిమిదంటే ఊళ్లో పొద్దున అవుతుంది. ఈ రాత్రే మీ నాయినకు ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెప్పు. నేను చెప్పినప్పుడు మా నాయిన అడిగింది ఒక్కటే, తింటున్నావా అని. రెజ్యూమే రెండు పేజీలకు తెచ్చి శనివారం లోపు పంపు, లెక్క రాసిన కాగితం ఫొటో కూడా తీసి పంపు. నేను ముందు ఆ కాగితమే చూస్తాను.