600 కిలోమీటర్ల స్కీ ప్రాంతంలో ఆరు రోజులు: మొదట ఏది తేల్చుకోవాలి?

మీ ప్రశ్న ఇది: లండన్‌లో ఉంటున్న రెండు కుటుంబాలు, మొత్తం ఎనిమిది మంది, ఫిబ్రవరి బడి సెలవుల్లో ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లోని త్రువా వాలే స్కీ ప్రాంతానికి వెళ్లాలనుకుంటున్నారు. మగవాళ్లిద్దరికీ స్కీయింగ్ వచ్చు. మిగతావారు ఇంతవరకు మంచు మీద కాలు పెట్టలేదు. వారిలో ఆరు, తొమ్మిది, పదకొండేళ్ల పిల్లలు ముగ్గురు, ఊరి నుంచి వస్తున్న మీ అత్తగారు ఉన్నారు. 600 కిలోమీటర్ల స్కీ బాటలన్నిటికీ చెల్లే పాసు అందరికీ కొనాలా, ఎక్కడ బస చేస్తే ఆరు రోజుల్లో అన్నీ చూడగలం అని అడిగారు.

నేను లియోన్ దగ్గర ఉంటాను. ఆరు శీతాకాలాలుగా కుటుంబంతో త్రువా వాలేకు వెళుతున్నాను. మొదటిసారి నేనూ మీరు అడిగిన ప్రశ్నతోనే బయలుదేరాను కాబట్టి నిస్సంకోచంగా చెబుతున్నాను: అన్నీ చూడాలన్న లెక్క పక్కన పెట్టండి. మీలో స్కీయింగ్ అందరికంటే తక్కువ వచ్చినవారు సాయంత్రం ఏ దారిన గదికి చేరతారో మొదట తేల్చుకోండి. బస ఎక్కడ, పాసు ఏది అన్నవి దాన్నిబట్టి వాటంతట అవే తేలతాయి.

త్రువా వాలే అంటే మూడు లోయలు. తూర్పున కూర్షెవెల్, నడుమ మెరిబెల్, పడమరన బెల్‌విల్ లోయ. ఈ మూడో లోయలో కింద సాన్ మార్తాన్, దాని పైన లే మెన్వీర్, చిట్టచివర 2,300 మీటర్ల ఎత్తున వాల్ తొరాన్స్ ఉంటాయి. లోయకూ లోయకూ మధ్య ఒక గట్టు. లిఫ్టులో, అంటే తీగకు వేలాడే కుర్చీలోనో కేబిన్‌లోనో, గట్టు ఎక్కి అవతలివైపు జారితే పక్క లోయలోకి దిగుతాం. కూర్షెవెల్ నుంచి మెరిబెల్‌కు సోలీర్ శిఖరం మీదుగా దారి. మెరిబెల్ లోయ పైభాగంలో ఉన్న మోటారే నుంచి వాల్ తొరాన్స్ చేరాలంటే 2,850 మీటర్ల గట్టు దాటాలి. మ్యాపులో చూస్తే ఇదంతా పక్కపక్క వీధుల్లా కనిపిస్తుంది. రోడ్లు మాత్రం ఈ ఎత్తైన గట్లు దాటవు. మెరిబెల్ నుంచి బెల్‌విల్ లోయకు రోడ్డున పోవాలంటే కిందికి దిగి, రైల్వే స్టేషన్ ఉన్న మూతియే దాకా పోయి, అక్కడి నుంచి మళ్లీ పైకి ఎక్కాలి.

ఈ తేడా మాకు మూడో ఏడాది తెలిసివచ్చింది. మా బస లే మెన్వీర్‌లో. పాపను అక్కడి స్కీ బడిలో దింపి, మా వారూ నేనూ గట్టు దాటి మెరిబెల్ వైపు వెళ్లాం. ఎండ బాగుంది, మంచు మెత్తగా ఉంది, భోజనం తరువాత ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ దిగాం. మోటారేలో తిరుగు లిఫ్టు దగ్గరికి చేరేసరికి పనివాడు దారికి అడ్డంగా తాడు కడుతున్నాడు. వాడి వెనక కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీగా పైకి పోతున్నాయి. గడియారం చూపించి, పాపం, తల అడ్డంగా ఊపాడు. గట్టు అవతల మా గది కొన్ని కిలోమీటర్ల దూరమే. టాక్సీలో వెళితే మూతియే మీదుగా 40 కిలోమీటర్లకు పైగా, అదీ కొండ మలుపుల్లో. మేము చేరేసరికి బాగా చీకటి పడింది. పాప హెల్మెట్ కూడా తీయకుండా స్కీ బడి కిటికీ పక్కన కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. టాక్సీకి ఎంత ఇచ్చామో చాలా రోజులు గుర్తుంది. ఆ హెల్మెట్ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. ఏ లోయలో ఉన్నా రెండున్నరకు ముఖం ఇంటి వైపు తిప్పాలి. గట్లు దాటించే లిఫ్టులు చలికాలం నడుమ సుమారు నాలుగు, నాలుగున్నర మధ్య ఆగిపోతాయి. ఆ రోజు వేళలు లిఫ్టు కింద బోర్డు మీద ఉంటాయి, పొద్దున్నే చూసుకోవాలి. గాలి ఎక్కువైతే గట్టు మీది లిఫ్టులను మధ్యాహ్నమే ఆపేయవచ్చు కూడా. అందుకే గాలులు వీస్తాయని చెప్పిన రోజున సొంత లోయ దాటవద్దు. మీ మగవాళ్లిద్దరికీ ఈ మాట మరీమరీ చెప్పండి.

ఇక బస. మూడు లోయలకూ నడుమ ఉంటుంది కాబట్టి మెరిబెల్‌లో దిగమని చాలామంది చెబుతారు. అందరికీ స్కీయింగ్ వస్తే నేనూ అదే చెప్పేదాన్ని. ఎనిమిది మందిలో ఐదుగురు కొత్తగా నేర్చుకునేవారైనప్పుడు నడుమ ఉండటం వల్ల లాభం లేదు, వాళ్లు మొదటి మూడు రోజులు ఒకే వాలు మీద గడుపుతారు. మీకు నా సలహా లే మెన్వీర్. కూర్షెవెల్ పై ఊరితో పోలిస్తే అద్దెలు బాగా తక్కువ. అరవైలు, డెబ్బైల నాటి భవనాలు చూపులకు అందంగా ఉండవు, అది నిజం. కానీ చాలా భవనాల గుమ్మం దిగితే మంచే. ఆరేళ్ల పిల్ల తన స్కీలు, మీ స్కీలు, కర్రలు అన్నీ మీ చేతుల్లో పెట్టి ఏడుస్తూ నడిచే దూరం ఎంత అన్నది భవనం అందం కంటే పెద్ద విషయం. మెరిబెల్ లోయ కింద బ్రీద్ లే బాన్ అనే ఊరిలో గదులు ఇంకా చవక. 1992 ఒలింపిక్స్ నాటి గొండోలా, అంటే కేబిన్ల లిఫ్టు, అక్కడి నుంచి మెరిబెల్‌కు ఎక్కిస్తుంది. అయితే రోజూ పొద్దున, సాయంత్రం ఆ ప్రయాణం చేయాలి. చిన్నపిల్లలతో వద్దు.

పాసు విషయానికి వస్తే, ఎనిమిది మందికీ మూడు లోయల పాసు కొనడం డబ్బు మంచులో పోయడమే. నేర్చుకునేవారికి మొదటి ఒకటి రెండు రోజులు బడి పక్కనున్న చిన్న లిఫ్టులు చాలు, వాటిలో కొన్ని ఉచితం. ఆ తరువాత ఒక ఊరికో ఒక లోయకో పరిమితమైన పాసు సరిపోతుంది. మగవాళ్లు కావాలంటే పెద్ద పాసు తీసుకోవచ్చు. వాళ్లకు కూడా లోయ పాసు కొని, ఆకాశం తేటగా ఉన్న ఒక రోజుకు మాత్రం అదనంగా కట్టి మూడు లోయలకూ పొడిగించుకోవడం మేలని నా అనుభవం. ఆ ఒక్క రోజు కూర్షెవెల్ దాకా వెళ్లి వస్తే తృప్తిగా ఉంటుంది. రోజూ గట్లు దాటుతూ పోతే సగం రోజు లిఫ్టు కుర్చీల్లోనే గడిచిపోతుంది.

బాటలకు రంగు గుర్తులుంటాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు: బాటల కష్టం ఆ వరుసలో పెరుగుతుంది. కానీ రంగు పొద్దున్న చెప్పే మాట సాయంత్రం చెప్పదు. తొమ్మిదింటికి నున్నగా దువ్వి ఉన్న నీలం బాట, వేలమంది దిగిన తరువాత మూడింటికి గుట్టలు గుట్టలుగా తయారవుతుంది. కాళ్లు అలిసిపోయేదీ అప్పుడే. బాట పక్కన నాటిన గుంజలను కూడా పిల్లలకు మొదటి రోజే చూపించండి. వాటి మీద అంకెలు కిందికి దిగేకొద్దీ తగ్గుతూ వచ్చి అడుగున 1తో ముగుస్తాయి. దిగేటప్పుడు కుడివైపు ఉన్న గుంజల కొన నారింజ రంగులో ఉంటుంది. ఒకసారి మధ్య దారిలో మబ్బు కమ్మేసి నేల ఏదో ఆకాశం ఏదో తెలియకపోతే, మా పాప పద్నాలుగు, పదమూడు, పన్నెండు అని గట్టిగా చదువుతూ ముందు నడిచింది. మేము ఆ గొంతు వెంట దిగాం. ఏ మ్యాపూ అంత పని చేయలేదు.

నేర్చుకునేవారందరికీ, పెద్దవాళ్లతో సహా, స్కీ బడి తప్పనిసరి. తరగతులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. ఫిబ్రవరికి చోటు కావాలంటే నెలల ముందే కట్టుకోవాలి. భర్తలే నేర్పుతారులే అనుకోవద్దు. మా వారు నాకు ఒక పూట నేర్పారు. మరుసటి రోజు నేను బడిలో చేరాను, ఇద్దరికీ మనశ్శాంతి కలిగింది.

బూట్ల సంగతి ఓపిగ్గా చూసుకోండి. చలికి భయపడి మనం రెండేసి జతల మేజోళ్లు వేసుకుంటాం, అదే తప్పు. మేజోడు ముడత పడి బూటు నొక్కితే గంటలో పిక్క మొద్దుబారుతుంది, పాదం ఇంకా చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే ఒకే జత, పలుచనిది, చాలు. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు కొనకు తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి జరగాలి. అలా లేకపోతే మొహమాటం లేకుండా దుకాణంలోనే మార్పించుకోండి. మొదటి ఏడాది ఒక దుకాణంలో నాకు ఒక సైజు పెద్దవి అంటగట్టారు, రెండు రోజులు గోళ్లు నల్లబడేలా తిరిగాను.

ఫిబ్రవరి గురించి కాస్త ఆలోచించండి. అప్పుడు ఫ్రాన్స్ బడులకూ సెలవులే, ప్రాంతాలవారీగా మూడు విడతల్లో. అద్దె గదుల్లో పాతవారు వెళ్లి కొత్తవారు చేరే రోజు శనివారం కాబట్టి ఆల్బెర్‌విల్ నుంచి మూతియే దాకా రోడ్డు కార్లతో నిండిపోతుంది. ఆదివారం నుంచి ఆదివారానికి గది దొరికితే వదలవద్దు. లేదా మూతియే దాకా రైలులో వచ్చి అక్కడ బస్సు ఎక్కండి. ఈస్టర్ సెలవులు కూడా మంచివే. ఆ రోజుల్లో కింది ఊళ్లలో మధ్యాహ్నానికి మంచు నీళ్లు కారుతుంది కాబట్టి వాల్ తొరాన్స్‌లో బస చేయాలి. అక్కడ మామూలుగా మే మొదటి రోజుల దాకా స్కీయింగ్ ఉంటుంది.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. వీసా కోసం తీసుకునే బీమాలో స్కీయింగ్ ఉందో లేదో చదివి చూడండి, చాలావాటిలో ఉండదు. ఫ్రాన్స్‌లో బాట మీద కాలు బెణికి, స్లెడ్జి మీద కిందికి దింపినా ఆ ఖర్చు మనదే. పాసుతోపాటు రోజుకు కొద్ది యూరోలకు దొరికే బీమా తీసుకోవడం మంచిది.

మీ అత్తగారిని గదిలో కూర్చోబెట్టకండి. నడిచేవారికి వేరే పాసు ఉంటుంది, దానితో గొండోలాల్లో ఎక్కి దిగవచ్చు. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు సోలీర్ పైకి తీసుకువెళ్లాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చేతి తొడుగు తీసి, వంగి పిడికెడు మంచు తీసుకుని, కరిగేదాకా చూస్తూ నిలబడ్డారు. మీ అత్తగారికి నల్ల కళ్లద్దాలు, మంచు మీద జారని బూట్లు తప్పక ఉండాలి.

వంట ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి. త్రువా వాలే ఉన్న సావ్వా ప్రాంతపు వంటలు చాలావరకు చీజ్, బంగాళాదుంప, పంది మాంసం. కరిగించిన చీజ్‌ను బంగాళాదుంపల మీద వేసుకుని తినే రాక్లెట్ పిల్లలకు నచ్చుతుంది గాని, ఆరు రాత్రులూ తినలేరు. బియ్యం, పొడులు, ఆవకాయ తెచ్చుకుంటారు సరే, చిన్న ప్రెషర్ కుక్కరు మరచిపోవద్దు. వాల్ తొరాన్స్ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పును గంటన్నర ఉడికించినా పలుకు పలుకుగానే ఉండిపోయింది. లే మెన్వీర్‌లో కూడా పెద్ద తేడా ఉండదు. పొయ్యిలు ఎక్కువగా కరెంటువి, కొన్నిచోట్ల ఇండక్షన్‌వి. కుక్కరు అడుగుకు అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూసి మరీ పెట్టెలో పెట్టండి.