గోప్యత, గుట్టు, రహస్యం – ఒకటేనా?

సందేహం: 2017లో వచ్చిన 'ది సర్కిల్' అనే ఆంగ్ల చిత్రం గురించి మా కళాశాల పత్రికకు సమీక్ష రాశాను. అందులో "వ్యక్తిగత గోప్యత కంటే పారదర్శకతే మేలని నమ్మి కథానాయిక తానే పారదర్శకంగా మారిపోతుంది" అన్న వాక్యం ఉంది. చదివిన మిత్రుడు 'గోప్యత' తప్పు, 'గోప్యం' చాలు అన్నారు. గోప్యమన్నా రహస్యమన్నా ఒకటే కాబట్టి 'రహస్యం' అంటే అందరికీ తెలుస్తుందనీ, 'వ్యక్తిగత' దండగనీ ఆయన వాదన. 'పారదర్శకత' మీద ఆయనకు అభ్యంతరం లేదు. ఏది సరి? ఆ చిత్రంలోని కెమెరాలను 'నిఘా నేత్రాలు' అనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ మిత్రుడు తప్పుపట్టిన మాటలన్నీ సరైనవే. ఆయన వదిలేసిన మాటతోనే నాకు పేచీ.

చిత్రం చూడనివారి కోసం రెండు ముక్కలు. డేవ్ ఎగర్స్ 2013లో రాసిన నవల దీనికి ఆధారం. దర్శకుడు జేమ్స్ పాన్సాల్ట్. మే హాలండ్ అనే యువతి ఒక పెద్ద సాంకేతిక సంస్థలో ఉద్యోగంలో చేరుతుంది. ఎవరూ ఏదీ దాచుకోకపోతే లోకం బాగుపడుతుందనీ, దాచడం అబద్ధమాడటంతో సమానమనీ ఆ సంస్థ బోధ. అరచేతిలో ఇమిడే కెమెరాలను ఎక్కడ పడితే అక్కడ అతికిస్తారు. చివరికి మే తన ఒంటికే కెమెరా తగిలించుకుని పొద్దస్తమానం లోకానికి కనిపిస్తూ తిరుగుతుంది.

ఇక వ్యాకరణం. 'గుపూ రక్షణే' అని ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియామూలాల పట్టిక. ఆ ధాతువు నుంచి వచ్చిన 'గోప్య' శబ్దం విశేషణం. కాపాడదగినది అని అర్థం. రమ్యం నుంచి రమ్యత, యోగ్యం నుంచి యోగ్యత వచ్చినట్టే గోప్యం నుంచి గోప్యత. ఇందులో దోషం లేదు. 'ఐక్యత' తప్పని బడిలో విన్న హెచ్చరిక మీ మిత్రుడికి గుర్తుండి ఉంటుంది. 'ఏక' శబ్దం 'ఐక్యం' అయినప్పుడే భావార్థం, అంటే '-తనం' అనే అర్థం, వచ్చి చేరింది కనుక దానికి మళ్లీ 'త' తగిలించడం అనవసరం. 'సౌందర్యత' సంగతీ అంతే. గోప్యతను వాటితో ఒకే గాటన కట్టకూడదు.

గోప్యం, రహస్యం ఒకటేనా అన్నది ఇంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న. 'రహస్' అంటే ఏకాంత ప్రదేశం. రహస్సులో ఉండేది, జరిగేది రహస్యం. అంటే పుట్టుకలో రహస్యానికి నేరంతో సంబంధం లేదు, ఏకాంతంతోనే సంబంధం. గోప్యానికి రక్షణతో సంబంధం. వాడుకలో మాత్రం దారులు చీలాయి. 'రహస్య సమావేశం', 'రహస్య ఒప్పందం' అనగానే ఏదో మతలబు ఉందని అనుమానిస్తాం. 'రహస్య బ్యాలెట్' అన్నప్పుడు ఆ అనుమానం రాదు. అక్కడ రహస్యమే ఓటరుకు రక్ష. ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తున్నప్పుడు, వైద్యుడికి చెప్పుకున్న జబ్బు గురించో, తల్లికి రాసుకున్న ఉత్తరం గురించో దాన్ని వాడితే ఆ మనిషిని అకారణంగా బోనులో నిలబెట్టినట్టవుతుంది. చిత్రంలోని సంస్థ చేసిన పని సరిగ్గా అదే. సమీక్ష రాసేవారూ ఆ సంస్థ మాటనే వాడితే దాని వాదన సగం ఒప్పుకున్నట్టే.

అచ్చ తెలుగులో దీనికి మంచి మాట 'గుట్టు'. గుట్టుగా కాపురం చేసుకోవడం, గుట్టు గల మనిషి – వీటిలో నింద లేదు, మర్యాద ఉంది. దాని ఎదుట నిలిచే మాట 'రట్టు'. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెతలో తప్పు గుట్టుది కాదు, అది బయటికి పొక్కడానిది. ఈ చిత్రంలో మెర్సర్ అనే పాత్ర ఉంది. మే పాత స్నేహితుడు, జింక కొమ్ములతో దీపాల గుత్తులు చేసి బతికేవాడు. ఆమె మెచ్చుకోలుగా పెట్టిన ఒక్క ఫోటో వల్ల జింకలను చంపేవాడన్న నిందపాలై, ఎవరికీ కనబడకుండా వెళ్లిపోతాడు. కొన్ని నిమిషాల్లో అతణ్ని పట్టుకుంటామని సంస్థ వేదిక మీద ప్రదర్శన పెడుతుంది. జనం ఫోన్లతో, డ్రోనుతో వెంటాడితే అతడి వాహనం వంతెన మీంచి పడిపోతుంది. అతడు దాచిన నేరం ఏదీ లేదు. 'రహస్యంగా బతికాడు' అంటే అతడికి అన్యాయం. 'గుట్టుగా బతకాలనుకున్నాడు' అనండి, నాలుగు వాక్యాల వివరణ తప్పుతుంది.

అలాగని 'గోప్యతా హక్కు' అనే చోటల్లా 'గుట్టు హక్కు' అని రాయమనను. చట్టపు భాషలో అది నిలవదు. పైగా 'వ్యక్తిగత' దండగ కాదు. మంత్రుల చేత పదవీ ప్రమాణంతో పాటు గోప్యతా ప్రమాణమూ చేయిస్తారు. అక్కడ గోప్యత ప్రభుత్వ వ్యవహారాలది. పౌరుడికి ఉండవలసిన గోప్యత వేరు. ఈ రెండూ ఒకే మాటలో ఇరుక్కున్నాయి కనుకనే ముందు 'వ్యక్తిగత' చేర్చవలసి వచ్చింది. ఆ చిత్రం విడుదలైన ఏడాదే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పౌరుడి గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. ఆ వార్తలతోనే 'వ్యక్తిగత గోప్యత' అన్న జంట మన పత్రికల్లో బాగా పాతుకుపోయింది. దాన్ని కదిలించవద్దు.

ఇప్పుడు 'పారదర్శకత'. పారం అంటే ఆవలి ఒడ్డు. ఆవలి వైపును చూపేది పారదర్శకం. గాజుకు ఈ మాట చక్కగా సరిపోతుంది. పాలనకు వాడినా బాగుంటుంది: టెండర్లు, నియామకాలు, ఖర్చులు బయటివారికి కనిపించాలని అడుగుతాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం చుట్టూ ఈ మాట ఎంతగా తిరిగిందో మీకు తెలుసు. అధికారం ఉన్నచోట అడగవలసిన గుణం అది. మనిషి దగ్గరికి వచ్చేసరికి తెలుగువాడి నోట ఆ మాట రాదు. 'దాపరికం లేని మనిషి', 'అరమరికలు లేనివాడు' అంటాం. 'ఆవిడ చాలా పారదర్శకం' అని ఎవరైనా అంటే వెనక గోడ కనబడుతోందా అని అడగబుద్ధవుతుంది నాకు. కథానాయిక 'పారదర్శకంగా మారిపోతుంది' అన్న మీ వాక్యంలో వినిపిస్తున్నది ఆంగ్ల సంభాషణే. చిత్రం ముగింపులో మే ఆ సంస్థ పెద్దలు ఇద్దరి ఉత్తరప్రత్యుత్తరాలను సభలోనే బయటపెట్టిస్తుంది. అక్కడ రాయండి పారదర్శకత అని. ఎంత బాగా అతుకుతుందో చూడండి. నవలలో ముగింపు ఇలా ఉండదు. ఆమె చివరిదాకా సంస్థ పక్షమే.

మరి మే చేసిన పనికి ఏ మాట? 'బహిరంగం'. దీన్ని బహి, రంగం అని విరిచి రంగస్థలంతో ముడిపెట్టేవారున్నారు. అది బహిః, అంగం. దీని జంట అంతరంగం. పాణిని వ్యాకరణాన్ని అనుసరించేవారి పరిభాష, అంటే నియమం, ఒకటుంది: 'అసిద్ధం బహిరంగమంతరంగే'. అంతరంగ కార్యం, అంటే మాట లోపలి మార్పు, జరిగే వేళ బహిరంగ కార్యం, అంటే బయటి మార్పు, జరగనట్టే లెక్క అని. చిత్రంలోని సంస్థ దీన్ని తిరగేసింది. పదిమందీ చూడనిది జరగనట్టే దాని లెక్క.

సందర్భం వచ్చింది కనుక ఇంకో ముచ్చట. 'చాటు' అంటే మరుగు. 'చాటు' అంటే ఊరంతటికీ ప్రకటించు అని కూడా. చాటుగా విన్నది చాటుతాడు ఒకడు. వ్రాతలో ఒకే రూపం, అర్థాలు ఎదురెదురు. ఇవి కాక చాటుపద్యం మూడోది. అది సంస్కృతం నుంచి వచ్చింది, ఈ తగాదాలో దానికి పని లేదు.

మీ వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: "వ్యక్తిగత గోప్యత కంటే దాపరికం లేకపోవడమే మేలని నమ్మి కథానాయిక తన బతుకునంతా బహిరంగం చేసుకుంటుంది."

'నిఘా నేత్రాలు' సంగతి. నిఘా పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది; అక్కడ దానికి ప్రధానంగా చూపు అని అర్థం. విడదీస్తే 'చూపు కన్ను' అవుతుంది కనుక పునరుక్తి అనేవారుంటారు. తెలుగులో అర్థం మారి 'అనుమానంతో కనిపెట్టి ఉండటం' అయింది, కాబట్టి ఆ ఆక్షేపణ చెల్లదు. అయితే నిఘా ఒకరి మీద మరొకరు పెట్టేది. ఎక్కడ పడితే అక్కడ అతికించిన బుల్లి కెమెరాలను నిఘా నేత్రాలనండి. మే తనకు తానుగా తగిలించుకున్నదాన్ని మాత్రం కెమెరా అనే రాయండి.