డాక్టర్ సలహా: ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నా నిద్ర తీరడం లేదు

ప్రశ్న: నా వయసు 19 ఏళ్లు. మాది కవిటి మండలం. బరంపురంలో గది తీసుకుని డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. రాత్రి రెండు దాటితే గాని నిద్ర పట్టదు. ఎనిమిదికి అలారం మోగితే అతికష్టం మీద లేస్తాను, మొదటి క్లాసు పోతోంది. కాలేజీ నుంచి వచ్చి మూడింటికి నడుం వాలిస్తే ఆరు దాకా ఒళ్లు తెలియదు. శనివారం ఇంటికి వెళ్తే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకు నిద్రే, లేచాక తలనొప్పి. ‘ఇదేం కుంభకర్ణుడి నిద్ర’ అని అమ్మ కోప్పడుతోంది. జుట్టు రాలుతోంది, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోంది. జలుబుకు రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటున్నాను. అతిగా నిద్రపోవడం జబ్బా? దీనివల్ల ప్రమాదం ఉందా?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు మీరు రాసిన గంటలను కూడి చూద్దాం. మామూలు రోజుల్లో రాత్రి ఆరు గంటలు, సాయంత్రం మూడు, మొత్తం తొమ్మిది, ఆదివారం పదకొండు. 18 నుంచి 25 ఏళ్ల వయసులో రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర అవసరం. అంటే మీ నిద్ర మరీ హద్దు దాటిపోలేదు. అది రెండు ముక్కలైంది, వేళ తప్పింది, అంత పడుకున్నా బడలిక తీరడం లేదు. నేను పట్టించుకునేది ఈ చివరి మాటనే. దీన్ని బద్ధకమని కొట్టిపారేయడం సరికాదు.

మీ వయసులో మెదడులోని గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోను పెద్దవారిలో కన్నా పొద్దుపోయాక విడుదలవుతుంది. అందులో మీ తప్పేమీ లేదు. అయితే మెలకువగా ఉన్న కొద్దీ నిద్ర కూడా ఆకలిలాగే పెరుగుతుంది. సాయంత్రం కడుపు నిండా తిని రాత్రి భోజనానికి కూర్చుంటే ముద్ద దిగనట్టే, మూడు నుంచి ఆరు దాకా నిద్రపోయిన వారికి పదకొండింటికి కన్ను మూతపడదు. ఆపైన ఫోను వెలుగు తోడైతే రెండు కావడం వింతేమీ కాదు.

ఇక ఆదివారం సంగతి. మామూలు రోజుల్లో మీ రాత్రి నిద్రకు నడిమి వేళ ఉదయం అయిదు గంటలైతే, ఆదివారం అది ఏడున్నరకు జరుగుతోంది. మీ కవిటి ఉన్న మన ఉద్దానం ప్రాంతం నుంచి ఎంతోమంది పనికి వెళ్లే కువైట్‌లో గడియారం మనకన్నా సరిగ్గా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మీ శరీరం ప్రతి వారాంతం కువైట్ వెళ్లి, సోమవారం ఉదయానికి బరంపురం వచ్చి క్లాసులో కూర్చుంటోందన్నమాట. సోమవారం మరీ కష్టంగా గడవడానికి ఇదొక పెద్ద కారణం. లేచాక వచ్చే తలనొప్పికి అతినిద్రతో పాటు అన్ని గంటలు నీళ్లు తాగకపోవడం, తిండి వేళ తప్పడం, రోజూ ఉదయం తాగే టీ పడకపోవడం కూడా దోహదం చేస్తాయి.

ప్రమాదం గురించి అడిగారు. రోజూ తొమ్మిది గంటలకు మించి నిద్రపోయేవారిలో మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. అయితే ఆ పరిశీలనలు ఎక్కువగా నడివయసు దాటిన వారిపై జరిగినవి. పైగా చాలాసార్లు లోపల ఉన్న జబ్బే ఎక్కువ నిద్రకు కారణమవుతుంది. కాబట్టి వాటి గురించి ఇప్పుడు బెంగపడవద్దు. మీకు దగ్గరగా ఉన్న నష్టాలు వేరు: ఉదయపు టిఫిను పోవడం, ఎండ తగలకపోవడం, మందకొడి తలతో విన్న పాఠం నిలవకపోవడం, మనసు కుంగడం. ఒకవేళ మీరు స్కూటీ మీద పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కేవారైతే, ఈ మగత తగ్గేదాకా దయచేసి బండి తీయకండి.

జుట్టు రాలడం, అధిక రక్తస్రావం, తీరని బడలిక, ఈ మూడూ కలిసినప్పుడు నేను మొదట అనుమానించేది రక్తహీనత, ఆ తర్వాత థైరాయిడ్ లోపం. రక్తకణాల పూర్తి పరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చేయించుకోండి. మీ వయసు అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గకూడదు. ఐరన్ మాత్ర అవసరమని డాక్టరు రాస్తే, దాన్ని టీతో పాటు వేసుకోవద్దు, టీ ఆ ఐరన్‌ను ఒంటపట్టనివ్వదు. మీది మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానంలోని కవిటి మండలం కనుక, వాటి పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ కూడా చూపించుకోండి. మీకు మూత్రపిండాల జబ్బు ఉందని నేను అనడం లేదు. ఉద్దానంలో పుట్టిన వారికి ఆ పరీక్ష అప్పుడప్పుడు చేయించుకోవడం మంచిది, రక్తం ఎలాగూ ఇస్తున్నారు. సెట్రిజిన్ మగత కొందరిలో మర్నాటి దాకా ఉంటుంది; రోజూ అవసరమవుతోందంటే ఆ జలుబునే డాక్టరుకు చూపించి, మగత తక్కువగా ఉండే మందు అడగండి.

ఇంకొక ప్రశ్న నేను అడగాలి. ఇల్లు వదిలి, చుట్టూ ఒడియా మాట్లాడే ఊళ్లో గది తీసుకుని ఉంటున్నారు. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, రోజంతా దిగులుగా ఉండడం రెండు వారాలకు మించి సాగుతోందా? యువతలో కుంగుబాటు కొన్నిసార్లు నిద్ర పట్టకపోవడంగా కాక, నిద్ర ఎక్కువ కావడంగా బయటపడుతుంది. అలా ఉంటే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు. నవ్వినప్పుడు మోకాళ్లు పట్టు తప్పడం, మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోవడం, గట్టి గురక ఉంటే మాత్రం న్యూరాలజిస్టును కలవాలి.

ఈలోగా మీరు పట్టుకోవలసింది లేచే వేళను. రోజూ ఏడున్నరకు లేవండి, ఆదివారం ఎనిమిదిన్నర దాటనీయకండి. లేవగానే అరగంట డాబా మీద వెలుతురులో ఉండండి. హైదరాబాదు కన్నా దాదాపు అరగంట ముందే, జూన్‌లో అయిదుంపావు ప్రాంతంలో, మనకు తెల్లవారుతుంది. ఆలస్యంగా నడిచే శరీర గడియారాన్ని ముందుకు జరిపే గుణం ఆ ఉదయపు వెలుగుకు ఉంది. మధ్యాహ్నపు కునుకు ఇరవై నిమిషాలకు మించవద్దు. ఆగలేకపోతే మంచం మీద కాక కుర్చీలో వాలండి. నాలుగు తర్వాత టీ మానండి. పడుకునే వేళను మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తెచ్చుకోండి. ఒక్కరోజులో పదింటికి పడుకోవాలని చూస్తే చీకట్లో కళ్లు తెరుచుకుని పడి ఉండడమే మిగులుతుంది.

పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకు, వేసుకున్న మాత్రలు రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో రాసి, రక్తపరీక్షల కాగితాలతో కలిపి దగ్గరలోని ఫిజీషియన్‌కు చూపించండి. రక్తస్రావం గురించి గైనకాలజిస్టును కలిసేటప్పుడు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. ఈ నిద్ర వెనక ఏముందో ఆమె కూడా డాక్టరు నోటనే వింటారు.