కోళ్ల కాపలా గురించి నర్సంపేట మేనకోడలికి

బిడ్డా,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది. పెంచిన పెట్టలు తెల్లారేసరికి గూట్లో లేకపోతే ఎంత బాధో నాకు తెలుసు. అల్లుడు ఉచ్చు పెడతానంటున్నాడని, పక్కింటాయన గూడు చుట్టూ కరెంటు తీగ గుంజమన్నాడని చెప్పావు కదా. రెండూ వద్దు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా, అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు వచ్చిందేదో తెలుసుకో. అందరూ ముంగిస మీదకే తోస్తారు గానీ, మన దగ్గరి ముంగిస పగటిపూట తిరిగే జంతువు. రాత్రి కోళ్లు పోతే దాన్ని అనుమానించకు. రాత్రి వచ్చేవి బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్క, పాము, ఊరకుక్కలు. చీకటి పడ్డాక గూడు చుట్టూ మూరెడు వెడల్పున జల్లెడ పట్టిన బూడిద పల్చగా చల్లి, పొద్దున కోళ్లను వదలకముందే చూడు. నాలుగు వేళ్ల అచ్చు పడి, వేళ్ల ముందు గోళ్ల గుర్తులుంటే కుక్క గానీ నక్క గానీ. నాలుగు వేళ్లే ఉండి గోళ్లు పడకపోతే పిల్లి జాతి, ఎందుకంటే పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. ఐదు వేళ్లు పడితే పునుగుపిల్లి అనుకో. వంకర గీత ఒక్కటే ఉంటే పాము.

చచ్చిన కోళ్లను చూసినా కొంత తెలుస్తుంది. కుక్కలు గుంపుగా వచ్చి నాలుగైదింటిని కొరికి, తినకుండానే అక్కడక్కడా పడేసి పోతాయి. బావురుపిల్లి ఒకదాన్ని కరుచుకుని పోతుంది, కంచె సందులో నాలుగు ఈకలే మిగులుతాయి. పెంకు ముక్క కూడా లేకుండా గుడ్లు మాయమైతే పాము పని. కోడిపిల్లలు ఒక్కొక్కటిగా తగ్గుతుంటే పందికొక్కు బొరియ ఎక్కడుందో వెతుకు.

ఇక గూడు. మీరు వాడిన సన్న తీగ కోళ్ల జాలీ కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. పంటితో పట్టి గుంజితే చిరుగుతుంది. అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్, అంటే కమ్మీలు అతికించిన గట్టి ఇనుప జాలీ తెప్పించు. ధర ఎక్కువే, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు. గూడు నేల మీద వద్దు, రెండు మూడడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టండి. ఒక్కో కాలికి రేకును గరాటులా చుట్టి, వెడల్పు అంచు కిందికి ఉండేలా బిగిస్తే ఎలుక ఎక్కలేదు. నేల మీద కంచె కట్టాల్సి వస్తే మెష్‌ను అడుగు లోతు పాతి, కింది అంచును బయటివైపు మడవాలి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, మడత తగిలితే వదిలేస్తుంది. తలుపుకు తాడు కట్టి వదిలేయకు, గడియ పెట్టి దానికి చీల కూడా వేయి. పైకప్పు మీదికి వంగిన చెట్టుకొమ్మలు కొట్టించు, పునుగుపిల్లి వాటి మీదుగానే వస్తుంది.

ఒక్క మాట, పాత చేపల వల మాత్రం కింద కట్టకు. జెర్రిపోతు అందులో చిక్కుకుని గింజుకుని చస్తుంది. అది ఎలుకల్ని తినే పాము, మనకు మేలే చేస్తుంది. గద్దల కోసం వల కట్టాలంటే తలపైన ఎత్తులో బిగుతుగా కట్టు.

చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. వల, విషం, ఉచ్చు అన్నీ ఆ చట్టం లెక్కలో ఆయుధాలే. ముంగిస, బావురుపిల్లి, నాగుపాము అన్నీ రక్షణ ఉన్నవే. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, మామూలు కేసుకే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. మొదటి షెడ్యూల్, అంటే ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలోని జంతువైతే మూడేళ్లకు తక్కువ ఉండదు. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి తప్పనిసరై చంపితే చట్టం మినహాయింపు ఇస్తుంది, కోళ్ల కోసం చంపితే ఇవ్వదు. మీరుండేది పాకాల అభయారణ్యం పక్కన. దాని హద్దులోకి ఉచ్చుతో అడుగుపెట్టడమే ఇంకో నేరం.

ఊరకుక్కలు ఆ చట్టం కిందికి రావు. అలాగని గుళికల మందు కలిపిన అన్నం పెడితే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది, దాని కింద ఐదేళ్ల దాకా జైలు. పైగా ఆ చచ్చిన కుక్కను తిన్న గద్దలూ చస్తాయి. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించమని పంచాయతీలో కాగితం పెట్టు. ఆపరేషన్ అయిన కుక్కను మళ్లీ ఉన్నచోటే వదులుతారు కాబట్టి నీ కంచె నీకు తప్పదు.

కరెంటు తీగ మాటే ఎత్తొద్దని అల్లుడికి గట్టిగా చెప్పు. అడవిపందుల కోసం పెట్టిన తీగలు తగిలి మన వైపు ఎంతమంది రైతులు పోయారో అతనికీ తెలుసు. పొద్దున్నే గూడు తలుపు తీసేది నువ్వే, పిల్లలు ఆడేది ఆ వాకిట్లోనే.

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు తుపాకీతో కాపలా కాస్తున్నారని అల్లుడు అన్నాడట. అక్కడ చాలా రాష్ట్రాల్లో కోళ్ల మీద పడే కొయొటేను, అంటే అక్కడి నక్కలాంటి జంతువును కాల్చనిస్తారు, నిజమే. కానీ గద్ద జోలికి వెళ్తే అక్కడా 1918 నాటి కేంద్ర చట్టం కింద నేరమే. ఎవరి చట్టం వాళ్లది, ఆ వీడియోలు చూసి ఇక్కడ ఏమీ చేయొద్దు. హన్మకొండలో మీ ఆడబిడ్డ డాబా మీద కోళ్లు పెంచుతానంటోందట కదా, తనను ముందు వార్డు ఆఫీసులో, కాలనీ కమిటీలో అడగమను. ఊళ్లో ఎవరూ పట్టించుకోని పుంజు కూతకు టౌన్‌లో ఫిర్యాదులు పోతాయి.

ఈసారి వనరాజా రకం కోడిపిల్లల్ని తెస్తానన్నావు. బాగా బరువు పెరుగుతాయి గానీ, నాటుకోడిలా ఎగిరి కొమ్మెక్కి తప్పించుకోలేవు. ఆరు వారాలు దాటేదాకా పగలు గంప కిందే ఉంచు. గోరింట, కరివేప పొదలు వాకిట్లో ఉండనీ, గద్ద నీడ పడగానే తల్లి పిల్లల్ని అటే తీసుకెళ్తుంది. గూడు పక్కనున్న కట్టెల మోపు మాత్రం దూరం జరుపు, పాములకు అదే ఇల్లు. సాయంత్రం గుడ్లు, మిగిలిన దాణా తీసేయడం మర్చిపోకు.

మెష్ కొనేముందు గూడు కొలతలు వాట్సాప్‌లో పంపు, ఎంత పడుతుందో నేను లెక్కేసి చెప్తా.

మీ అత్త,
ములుగు