పాఠకుల ప్రశ్నలు: పరీక్షల ఏడాదిలో ఆట మానిపించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పదో తరగతి వరకు రోజూ సాయంత్రం షటిల్ ఆడేవాడు. కాలేజీలో చేరాక మేమే మానిపించాము. ఉదయం ఏడింటికి వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు, మళ్లీ పదకొండు దాకా పుస్తకం ముందే కూర్చుంటాడు. అయినా నిన్న చదివింది ఇవాళ గుర్తుండటం లేదని బాధపడుతున్నాడు. అరగంట ఆడుకుంటానంటే పంపవచ్చునా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తప్పకుండా పంపండి అమ్మా. ఆ అరగంట చదువులోంచి పోయిందని మీరు అనుకుంటున్నారు గాని, నిజానికి అది చదువుకు అందే సాయమే.

మన శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు సైతం ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఆ శక్తికి కావలసిన ప్రాణవాయువు, గ్లూకోజు రక్తం ద్వారానే చేరాలి. చెమట పట్టేలా కదిలినప్పుడు గుండె వేగం, రక్తప్రసరణ పెరుగుతాయి. దానితోపాటు నాడీకణాలు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడటానికి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను కూడా పెరుగుతుంది. కొత్తగా నేర్చుకున్నది జ్ఞాపకంగా నిలవడానికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే భాగానికి ఈ ప్రొటీను ఎంతో అవసరం. అమెరికాలో 9, 10 ఏళ్ల పిల్లలను 20 నిమిషాలు ట్రెడ్‌మిల్‌పై నడిపించి పరీక్షించినప్పుడు, ఊరికే కూర్చున్న రోజుకంటే నడిచిన రోజున వారి ఏకాగ్రత, చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

మా వీధిలో ఒక విద్యార్థి రాత్రిపూట డాబా మీద పిట్టగోడ వెంబడి అటూ ఇటూ నడుస్తూ కెమిస్ట్రీ సమీకరణాలు వల్లె వేసుకుంటూ ఉంటాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. మరచిపోయిన చోట మాత్రం వీధిదీపం వెలుగు పడే మూలకు వచ్చి, విప్పి చూసుకుని, మళ్లీ నడక సాగిస్తాడు. షటిల్‌కు వీలుపడని రోజున మీ అబ్బాయి ఇలాగైనా చేయవచ్చు.

5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మీరు ఇవ్వబోయేది అందులో సగమే. అయితే ఆ అరగంటను నిద్రలోంచి మాత్రం తీయకండి, ఎందుకంటే పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పదకొండు దాకా సాగే చదువును పదిన్నరకే ముగించమనండి. మన బెజవాడ ఎండల్లోనైతే తెల్లవారగానే గాని, పొద్దుగూకాక గాని ఆడటం క్షేమం. ఆడినంత మాత్రాన చదవని పాఠం రాదు, ఆ భ్రమ వద్దు. ఒక పదిహేను రోజులపాటు, ముందురోజు పాఠాన్ని పుస్తకం మూసి కాగితం మీద రాయమని చెప్పండి. ఎంత నిలుస్తున్నదో మీ ఇద్దరికీ తెలుస్తుంది.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. తెలిసినవారి పేర్లే చటుక్కున గుర్తుకు రావడం లేదు. ఇప్పుడు నడక మొదలుపెడితే మెదడుకు ఉపయోగముంటుందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, బృందావన్ గార్డెన్స్, గుంటూరు

జవాబు: ఉంటుందండీ. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందిపై జరిపిన ఒక అమెరికా అధ్యయనం 2011లో వెలువడింది. వారానికి మూడు రోజులు, క్రమంగా పెంచుకుంటూ 40 నిమిషాల దాకా, ఏడాదిపాటు నడిచినవారిలో హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో అది కొంత తగ్గింది. మీకు ఎన్టీఆర్ స్టేడియం దగ్గరే కనుక పది నిమిషాలతో మొదలుపెట్టండి. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉంటే ముందుగా డాక్టరుగారిని అడగండి. పేర్లు ఆలస్యంగా గుర్తుకు రావడం ఈ వయసులో చాలామందికి ఉన్నదే గాని, తెలిసిన దారి తప్పడం, అడిగినదే పదేపదే అడగడం మొదలైతే మాత్రం నడకతో సరిపెట్టుకోక నరాల వైద్యునికి చూపించుకోండి.