హైదరాబాద్–దుబాయ్: టికెట్‌లో పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

మీ అమ్మగారి టికెట్‌లో తప్పేమీ లేదండీ, టెన్షన్ పడకండి. ఉదయం 10:00కి శంషాబాద్‌లో బయలుదేరి 12:30కి దుబాయ్ చేరడం, తిరుగు ప్రయాణం రాత్రి 10:00కి మొదలై తెల్లవారుజామున 3:00కి ముగియడం చూసి వేరే విమానమేమో అనుకున్నారు. రెండూ నేరుగా వెళ్లేవే. టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. పోయేటప్పుడు ఆ గంటన్నర కలిపితే 4 గంటలు, వచ్చేటప్పుడు తీసేస్తే మూడున్నర. అదే అసలు ప్రయాణం.

రెండు ఊళ్ల మధ్య గగనదూరం సుమారు 2,550 కిలోమీటర్లు. మరి ఆ అరగంట తేడా ఎందుకంటే, పైన ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోడు. చలికాలంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. తిరుగు విమానం దిగేది మరుసటి తేదీన. మా అత్తయ్య వచ్చినప్పుడు టికెట్ మీద బయలుదేరే తేదీ చూసి కారు మాట్లాడాం. డ్రైవర్ ఒక రోజు ముందే, తెల్లవారుజామున వెళ్లి నిలబడ్డాడు, పాపం. చేరే టైమ్ పక్కన చిన్నగా +1 అని ఉంటుంది, అది చూసి కారు చెప్పండి. అమ్మగారు చేతి గడియారం పెట్టుకుంటే, దుబాయ్‌లో దిగగానే గంటన్నర వెనక్కి తిప్పుకోమనండి.